కందీల్ ఛాప్ జకార్డు: కంపెనీ పోయిన మిషన్ కొనేముందు

కొత్త సాంచా కొనేవాడి వెంట పెళ్లికి తరలినంత మంది తరలుతారు. కంపెనీవాడు చాయ్ పోయిస్తాడు, సంతకాలు పెట్టిస్తాడు, చెడిపోతే మాదే పూచీ అంటాడు. పాత సాంచా కొనేవాడి వెంట జాబర్ ఒక్కడే వెళ్తాడు. కంపెనీ ఎప్పుడో మూతబడి, ఇనుము మీద గుర్తు మాత్రం మిగిలిన మిషన్ అయితే, ఆ జాబర్‌ని కూడా ఇంట్లోవాళ్ళు జాగ్రత్తలు చెప్పి పంపుతారు. మా ఇంట్లో అలాగే చెప్పేది మా ఆవిడ.

సోలాపూర్‌లో కరెంటు మీద నడిచే మగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. అది ఆగిపోతే నడిపించేవాడు జాబర్. నా బతుకంతా ఆ పనిలోనే గడిచింది. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించి ఇంట్లో కూర్చున్నాను. దాజీ పేట్‌లో కొత్తగా పానా పట్టిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు వచ్చి, 'నర్సన్న కాకా, ఫలానా చోట పాత జకార్డు ఉన్నదట, తీసుకోవచ్చునా' అని అడుగుతుంటారు. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను. ఎవరెవరు నన్ను మెచ్చుకున్నారో, ఎవరు శాలువా కప్పారో రాయను. చద్దర్లు నేసే ఊళ్ళో ఒకడి భుజం మీద గుడ్డ కప్పడం పెద్ద విశేషమేమీ కాదు.

సబ్బు, రంగు

నా మొదటి ఉస్తాద్ గంగారాం. చేతిలో పనితనం ఎంతుండేదో నోట్లో తిట్లూ అంతే ఉండేవి. పానా జారితే తిట్టేవాడు, జారకపోతే ఇంకా ఎందుకు జారలేదని తిట్టేవాడు. అలాంటి మనిషి పాత మిషన్ ముందు నిలబడితే ఎక్కడలేని నెమ్మది వచ్చేది. అమ్మేవాడు స్విచ్చి వేయబోతే 'నక్కో' అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. ముందు చేత్తోనే చక్రం తిప్పేవాడు, కళ్ళు మూసుకుని. ఎక్కడ బరువు తగిలితే అక్కడ సుద్దముక్కతో గీత గీయమనేవాడు. కరెంటు ఆ తర్వాతే. నడిచే సాంచా మోతలో దాని జబ్బులన్నీ దాక్కుంటాయని ఆయన నమ్మకం. నా అనుభవంలో అది నిజమే.

భవాని పేట్‌లో ఒక సేట్, ఉస్తాద్ వద్దన్న సాంచానే పట్టుబట్టి కొన్నాడు. దానికి పచ్చరంగు వేసి, తళతళా తుడిచి పెట్టారు. ముహూర్తం చూసి కొబ్బరికాయ కొట్టి మిఠాయి పేడాలు పంచారు. ఉస్తాద్ పేడా నోట్లో వేసుకుని, తింటూనే పక్క చట్రాన్ని గోటితో గీకాడు. రంగు కింద సబ్బు, సబ్బు కింద పగులు. పోత ఇనుము పగిలితే అతుకు నిలవదని ఆ పేటలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"రంగుకు పైసలిచ్చినవు సేట్. సాంచా ఫుకట్ల వచ్చింది," అన్నాడు ఉస్తాద్.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ పగులు ఉస్తాద్ మొదటిరోజే చూశాడు. చూసి 'వద్దు' అన్నాడంతే, ఎందుకు వద్దో చెప్పలేదు. ఈయనకి ఇంకెవరి మిషనో అమ్మించాలని ఉందేమోనని సేట్ అనుమానపడ్డాడు. ఉస్తాద్ దగ్గర చేతిపని మొత్తం నేర్చుకోండి కానీ ఈ బిగువు మాత్రం నేర్చుకోకండి. కారణం చెప్పని సలహాని ఎవడూ వినడు, వినకపోవడంలో తప్పూ లేదు.

కంపెనీ పోతే ఏం పోతుంది

కంపెనీ మూతబడితే పోయేది పేరు కాదు, విడిభాగం. పేరు ఇంకా ఎక్కువే వెలుగుతుంది. కందీల్ ఛాప్ అలాంటిదే. దాని చట్రం మీద చిన్న లాంతరు బొమ్మ పోతపోసి ఉంటుంది. అది జకార్డు, అంటే సాంచా నెత్తిన కూర్చుని ఏ దారం లేవాలో ఏది ఆగాలో చెప్పే మిషన్. చద్దర్ మీద పువ్వు, నెమలి, అంచు మీద తీగ, అన్నీ దాని ఆజ్ఞే. కందీల్ ఛాప్ మీద నేసిన చద్దర్ బరువుగా, రెండువైపులా ఒకేలా శుభ్రంగా వచ్చేది. నిదానంగా నడిచేది, అలిగేది కాదు.

దాని చెడ్డగుణాలూ చెప్పాలి. డిజైన్ చెప్పే అట్టల మీద చిల్లుల దూరం దానిది దానికే. కొక్కేల వంపు వేరు. దారాలు ఎక్కించే వరుస కూడా వేరు. మిగతా మిషన్లకి ఎడమ నుంచి మొదలైతే దీనికి కుడి నుంచి, అదీ నడుమ ఒకచోట వెనక్కి మళ్ళుతుంది. ఆ మలుపు ఎందుకు పెట్టారో చేసినవాళ్ళకే తెలియాలి, వాళ్ళేమో లేరు. అందుకే చాలామంది దాన్ని భంగార్‌వాడికి పాత ఇనుము తూకం మీద ఇచ్చేశారు.

లాంతరు బొమ్మ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళ వెంట మిషన్ చూడటానికి వెళ్ళకండి. వాళ్ళు కొనేది మిషన్‌ని కాదు, వాళ్ళ చిన్నతనాన్ని. దానికి మనం ఆయిల్ పోయలేం.

ఇక తోక సంగతి. సాంచా మీద పడుగు అయిపోవస్తే నేతగాడు మొత్తం నేసి కోసెయ్యడు. చివర జానెడు దారాలు అవి దూరే కళ్ళల్లో, దువ్వెనలాంటి పన్నెలో అలాగే వదిలేస్తాడు. కొత్త పడుగు వచ్చాక వైపని, అంటే ఈ ముడుల పని, చేసేవాడు పక్కన కూర్చుని పాత దారం కొసకి కొత్త దారం కొస ముడేస్తాడు. అన్నీ ముడేసి మెల్లగా లాగితే కొత్త దారాలు పాతవాటి దారిలోనే నడిచి వచ్చేస్తాయి. ఆ మిగిలిన జానెడునే మేం తోక అంటాం. మామూలు మిషన్‌కి తోక పోతే పని పెరుగుతుంది. కందీల్ ఛాప్‌కి తోక పోతే దారే పోతుంది. మిషన్ ఎంత మెరిసినా తోక లేకపోతే వెనక్కి తిరగండి.

రేణుక బేరం

రేణుక మా పక్క గల్లీ అమ్మాయి. ఒక కార్ఖానాలో తువ్వాళ్ళ సాంచా నడిపేది. కార్ఖానా స్థలంలో ఇళ్ళు కట్టాలని సేట్ మిషన్లు తీసేస్తుంటే, తనకి రావలసిన డబ్బు కింద తను నడిపిన సాంచానే అడిగి తెచ్చుకుంది. భవాని పేట్‌లో ఒక గది కిరాయికి తీసుకుంది. తువ్వాళ్ళు నేసి గదికిరాయి గట్టెక్కడం కష్టం. కొంతం చౌక్‌లో చద్దర్ల దుకాణదారు ఒకాయన ఆమెతో, పాతకాలపు బరువు చద్దర్ ఒక్కటి నేసి చూపించు, దసరాకి తెస్తే నీ దగ్గరే తీసుకుంటా అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది.

వాళ్ళమ్మ బీడీలు చేస్తుంది. రేణుక చిన్నప్పుడు తనూ చేసింది. ఆ పనంటే చులకన లేదు కానీ మళ్ళీ కూర్చోవాలని లేదు. నాతో సూటిగానే చెప్పింది.

"కాకా, ఇది నడిస్తే సాంచా మీద ఉంట. నడువకుంటే రేపటిసంది అమ్మ పక్కన చాట పట్టుకుని కూసునుడే. నడుమ ఇంకోటి లేదు."

దాజీ పేట్‌లో అంబాదాసన్న దగ్గర కందీల్ ఛాప్ ఉంది. చూపు తగ్గి నేత మానేశాడు. భంగార్‌వాడు గుమ్మం ముందు రెండుసార్లు తిరిగి వెళ్ళాడు, అన్న ఇవ్వలేదు. మేం వెళ్తే ముందు గదిలో ఆయన భార్య లక్ష్మీబాయక్క ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మేం లోపలి గదిలోకి వెళ్ళాం. చక్రం చేత్తో తిప్పాను. కొక్కేల్ని పైకి లేపే కత్తులు తిన్నగా ఉన్నాయి. కొక్కేలు ఒకటి రెండు అరిగాయి. రంగు లేదు, సబ్బు లేదు. దుమ్ము మాత్రం బుద్ధిగా పేరుకుని ఉంది. తోక పూర్తిగా ఉంది, తెల్లదీ ఎర్రదీ వరుస తప్పకుండా. నాకు ఆ రోజు ఎంత సంతోషమైందో చెప్పలేను.

అంబాదాసన్న బేరం చేయలేదు. ఒకటే షరతు పెట్టాడు. దాని మీద వచ్చే మొదటి చద్దర్ తన మంచం మీద వేయాలి. రేణుక సరేనంది. అప్పుడు పెత్రమాస ముందరి రోజులు. పెద్దలకి పెట్టుకునే ఆ పక్షంలో మా పేటల్లో ఎవరూ ఇనుము కదపరు. అమావాస్య దాటగానే వస్తాం, తోక మీద గుడ్డ చుట్టి ఉంచు, ఎవర్నీ ముట్టనివ్వకు అని అన్నకి ఒకటికి రెండుసార్లు చెప్పి వచ్చాం.

అమావాస్య దాటింది. టెంపో తీసుకుని వెళ్ళాం. గుడ్డ మడిచి పక్కన పెట్టి ఉంది. పన్నె వట్టిగా ఉంది. కళ్ళల్లో ఒక్క దారం లేదు.

చెప్పని మాట

రేణుక అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. అంబాదాసన్న తడిమి చూసి, ఎలుకలేమో అన్నాడు. ఎలుకలు ఇంత తీరుగా కోయవు. అప్పుడు లక్ష్మీబాయక్క గుమ్మంలోకి వచ్చి, ఏమైందని అడిగింది. ఆమె చాటలో చుట్టిన బీడీల కట్టలు ఉన్నాయి. ఒక్కో కట్టకి ఒక్కో దారం కట్టి ఉంది, ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. తోక ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది.

బీడీ కార్ఖానా నుంచి ఆ వారం దారం తక్కువ వచ్చిందట. కట్టలు కట్టి అప్పజెప్పాలి. లోపల పనికిరాని దారాలు వేలాడుతున్నాయి, కట్టకి సరిపోయే పొడుగు. నేత ఇళ్ళల్లో కోసేసిన కొసల్ని పారేయరు, పక్క పనికి వాడుకుంటారు. మా అమ్మ అలాగే చేసేది. ఆమె స్థానంలో ఏ ఇల్లాలున్నా అదే చేసేది. సగానికి పైగా కట్టలు అప్పటికే కార్ఖానాకి వెళ్ళిపోయాయి.

అన్న భార్య మీద కేకలు వేశాడు. ఆమె ఊరుకోలేదు.

"నాకెవరు చెప్పిండ్రు? మీరు మీరే లోపల మాట్లాడుకున్నరు. నేను ముంగటనే కూసున్న గద. ఒక్కలన్న ఇటు తిరిగి, లక్ష్మీబాయి, గిది ముట్టకు అన్నరా?"

ఎవరమూ అనలేదు. మగ్గం గదిలో మాట మగ్గం గదిలోనే ఉంచుకోవడం మా అందరికీ అలవాటు. మిషన్ ఇంట్లో ఉంటే ఇల్లంతటికీ చెప్పాలి. వంట చేసేవాళ్ళకి, ఊడ్చేవాళ్ళకి, ఆడుకునే పిల్లలకి కూడా. ఈ ఒక్క ముక్క ఏ ఉస్తాదూ మీకు చెప్పడు, కాబట్టి నేను చెబుతున్నాను.

రేణుక లేచి కొంగు దులుపుకుంది. బేరం వదిలేస్తుందనే అనుకున్నాను. మిషన్ టెంపో ఎక్కించమంది. ఇక్కడే ఉంటే రేపు భంగార్‌వాడు వస్తాడు, నా దగ్గరుంటే కనీసం రాడు అంది. మొండితనమో ధైర్యమో అప్పుడు నాకు తెలియలేదు.

జకార్డుని రేణుక సాంచా మీద బిగించి, దాంతోపాటు వచ్చిన నెమలి అట్టలు పెట్టి, నాకు తెలిసిన వరుసలో దారాలు ఎక్కించి చూశాం. నెమలి తల ఒక అంచుకి, తోక ఇంకో అంచుకి వెళ్ళింది. నడుమ ఎక్కడ మళ్ళాలో అక్కడ మళ్ళలేదు. మరో తీరుగా ఎక్కించాం, ఈసారి నెమలికి రెండు తోకలు వచ్చాయి. నడిచే కందీల్ ఛాప్ ఒకదాన్ని కళ్ళతో చూస్తే తప్ప లాభం లేదని తేలిపోయింది. నాకు తెలిసి అలాంటిది ఊళ్ళో ఒక్కటే ఉంది.

విఠల్ సేట్ గుమ్మంలో

ఆ ఒక్కటీ విఠల్ సేట్ది, ఆయన సాంచా కూడా భవాని పేట్‌లోనే. ఆయన చద్దర్లు వెళ్ళేదీ అదే కొంతం చౌక్ దుకాణానికే. ఆ సంగతి రేణుకకి తెలుసు, ఆయనకీ తెలుసు. మా వెంట లక్ష్మీబాయక్క కూడా వచ్చింది. ఎవరూ పిలవలేదు, చెప్పులేసుకుని వచ్చేసింది.

సేట్ మమ్మల్ని కూర్చోమనలేదు. విషయమంతా విని, "నా సాంచా బంద్ చేసి, నాకు పోటీ నేనే తయారు చేసుకోవాల్నా?" అన్నాడు.

ఆ మాటలో అన్యాయం లేదు. నేను బతిమాలడం మొదలుపెట్టబోయాను. రేణుక మిషన్ వైపు చూస్తోంది. అక్కడ ఒక కొక్కెం బదులు వంచిన సైకిల్ పుల్ల పెట్టి ఉంది. సేట్ కూడా ఎక్కడా దొరక్క అలా నెట్టుకొస్తున్నాడన్నమాట.

"సేట్, ఆ పుల్ల గూడ విరిగితే ఏడికి పోతరు?" అంది రేణుక.

సేట్ పుల్ల వైపు తిరిగాడు.

"నాది నడువకుంటే భంగార్‌కు పోతది. అప్పుడు మీదొక్కటే మిగులుతది. ఒక్కటే మిగిలిన మిషన్ గూడ భంగారే సేట్, ఇయ్యాల కాకుంటే రేపు. రెండు నడిస్తే ఒకదాని కొక్కెం చూసి ఇంకోదానికి చేపిచ్చుకోవచ్చు. నేను మీ డిజైన్ నెయ్య. ఒట్టు."

పాత మిషన్ల గురించి నేను ఇన్నేళ్ళలో చెప్పలేకపోయిన మాట ఆ పిల్ల అక్కడ నిలబడి చెప్పేసింది. కంపెనీ పోయాక ఆ మిషన్లు నడుపుకునేవాళ్ళే ఒకరికొకరు కంపెనీ. పక్కవాడి మిషన్ ఆగిపోతే మనకి గిరాకీ పెరుగుతుందని సంతోషిస్తాం కానీ, మన విడిభాగం కూడా దాంతోపాటే పోయిందని గుర్తించం.

సేట్ వేలితో ఆ సైకిల్ పుల్లని కదిపి చూశాడు. తర్వాత లోపలికి కేకేసి చాయ్ తెమ్మన్నాడు.

"చాయ్ తాగుండ్రి. ఈ చద్దర్ ఒడిసినంక బంద్ చేస్త. బరాబర్ చూసుకోండ్రి," అన్నాడు.

మిషన్ ఆగాక రేణుక దాని కిందకి దూరి వరుస చదివింది. ఎక్కడ మళ్ళుతుందో, ఎన్ని వదిలి మళ్ళుతుందో పైకి చెబుతుంటే నేను పన్నె వెడల్పుకి కోసిన చెక్కపట్టీ మీద ఎర్ర దారం, తెల్ల దారం చుట్టుకుంటూ పోయాను. మలుపు దొరికినప్పుడు విఠల్ సేటే ముందు అరిచాడు. ఇన్నేళ్ళు నడిపిన ఆయన కూడా దాన్ని ఎప్పుడూ విప్పి చూడలేదట.

తిరిగి వచ్చాక దారాలు మళ్ళీ ఎక్కించడం మొదలైంది. వెనక నుంచి ఒకరు దారం అందించాలి, ముందు నుంచి ఒకరు కొక్కెంతో లాగాలి. నా మోటు వేళ్ళకి దారం కొస చిక్కలేదు. లక్ష్మీబాయక్క నన్ను పక్కకి జరగమని నా పీటమీద కూర్చుంది. బీడీ ఆకు మడిచి మడిచి సన్నబడిన వేళ్ళు ఆమెవి. దారం ఇలా అందితే రేణుక అలా లాగింది. నేను చెక్కపట్టీ చూసి తెలుపు, ఎరుపు అని చెబుతూ కూర్చున్నాను, అంతకుమించి నా అవసరం వాళ్ళకి పడలేదు. ఇంటి దగ్గర అంబాదాసన్న తిండి సరిగ్గా తినడం లేదని, తనవల్లే పిల్ల బతుకు పోయిందని కూర్చున్నాడని అక్క పని మధ్యలో చెప్పింది. చెబుతున్నప్పుడు కూడా చెయ్యి ఆగలేదు.

ఆయుధపూజ రోజు సాంచాకి పసుపు కుంకుమ పెట్టి చక్రం చేత్తో తిప్పాను. తర్వాత కరెంటు వేశాం. నెమలి మెల్లగా పైకి వచ్చింది, ముందు కాళ్ళు, తర్వాత ఒళ్ళు. తల రావాల్సిన చోటే వచ్చింది. రేణుక ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది.

దసరాకి దుకాణంలో చూపించాల్సింది ఒక చద్దర్. షరతు ప్రకారం మొదటిది మాత్రం అంబాదాసన్నది. మొదటిది శుభ్రంగా వచ్చింది, రెండోది ఎలా వస్తుందో తెలియదు. ముందు దుకాణానికి ఇవ్వమని, అన్నకి నేను చెప్పుకుంటానని రేణుకతో అన్నాను. ఆమె వినలేదు. మొదటిది మడిచి దాజీ పేట్‌కి పట్టుకెళ్ళింది.

అన్న దాన్ని మంచం మీద తిరగేసి పరిచాడు. అరచేత్తో అంచు పొడుగునా రాసుకుంటూ వెళ్ళి చివర ఆగాడు.

"అంచు తిన్నగున్నది," అన్నాడు. "ఇగ నాకు నిద్ర పడ్తది."

రెండోది కూడా బాగానే వచ్చింది. దుకాణదారు తీసుకున్నాడు, ఇంకా కావాలన్నాడు. ఇప్పుడు విఠల్ సేట్ సాంచాలో సైకిల్ పుల్ల లేదు. రేణుక మిషన్‌లోని కొక్కేన్ని చూపించి కమ్మరం చేసే లోహారు దగ్గర ఇద్దరికీ కలిపి చేయించుకున్నారు. ఆయన ఇప్పటికీ ఆమెకి పోటీయే. కొంతం చౌక్‌లో ఎదురుపడితే ధర దగ్గర పోట్లాడుకుంటారు, ఆ తర్వాత ఏ విడిభాగం అరిగిందో అడిగి తెలుసుకుంటారు. ఈమధ్య సిరిసిల్ల నుంచి ఎవరో తమ దగ్గర కందీల్ ఛాప్ ఉందని కబురు పెడితే, నన్ను రమ్మనకుండా వాళ్ళిద్దరే వెళ్ళి చూసి వచ్చారు. నాకు కొంచెం కష్టమనిపించింది, ఎక్కువగా గర్వమనిపించింది.

మొన్న రేణుక సాంచా మీద పడుగు అయిపోయిందని విన్నాను. తోక ఉంచిందో లేదోనని మనసు ఊరుకోక, మోకాళ్ళు పట్టుకుని భవాని పేట్ దాకా వెళ్ళాను. లక్ష్మీబాయక్క అక్కడే ఉంది, ఇప్పుడు దారాలు ఎక్కించే పని ఉంటే ఆమెనే పిలుస్తారు. తోక జానెడు పొడుగున ఉంది. ఊరికే వేలాడటం లేదు. వరుస చెదరకుండా చిన్నచిన్న కట్టలుగా విడదీసి, ఒక్కో కట్టని బీడీ కట్టలాగే ఎర్ర దారంతో బిగించి కట్టారు. ఆ ముడి ఎవరిదో అడగాల్సిన పని లేకపోయింది.

"ఇగ దీని మీద ఎవ్వలు కత్తెర పెడ్తరో పెట్టుమను," అంది లక్ష్మీబాయక్క.

బీడీ ఆకు కోసే కత్తెర ఆమె బొడ్లోనే ఉంది.